వెంట వచ్చిన మనిషి

“వెంట వచ్చిందెవరండీ?” అని నర్సు తలుపు సగం తెరిచి అడిగేసరికి ఆమె గబుక్కున లేచి నిలబడింది. ఒక చేతిలో ఆ పిల్ల సంచి, ఇంకో చేతిలో ఆ పిల్ల చెప్పులు, చిటికెన వేలికి ఆ పిల్ల ఉంగరం, తనదంటూ ఏమీ లేనట్టు. “నేనేనండీ.” “ఏమవుతారు?” ఆ ప్రశ్నకు తయారై రాలేదు. చుట్టం కాదు, ఇరుగుపొరుగు కాదు, కలిసి చదువుకున్నదీ లేదు, పనిచేసిందీ లేదు, ఇద్దరిదీ ఒకే జబ్బండీ అంటే ఈ నర్సు ఏమనుకుంటుంది, ఇద్దరిదీ ఒకే ఊరండీ అన్నట్టు ఉంటుంది. “పిన్నిని,” అంది. అబద్ధం కాదు, ఆ పిల్ల పిలిచేది అలాగే. నర్సు తల ఊపి, కరెంటు పెట్టేది కొన్ని క్షణాలేనని, మత్తు దిగి మనిషి తెలివిలోకి రావడానికే గంట దాకా పడుతుందని, అందాకా ఎక్కడికీ పోవద్దని చెప్పి తలుపు వేసేసింది. తలుపు కింద రబ్బరు పట్టీ నేలను రాసుకుంటూ చిన్నగా మూలిగింది. ఆమె కూర్చుంది.

ఎదురుగా కిటికీకి వేలాడుతున్న తెర అంచును ఎవరో ఆదరాబాదరాగా కుట్టారు. దారం బిగుతు ఎక్కువై గుడ్డ ముడుచుకుపోయింది, విప్పి మళ్లీ కుట్టాలని చేతులు లాగుతున్నాయి. ఆమె చేసేది ఆ పనే. కొత్త బట్ట ఎప్పుడూ కుట్టలేదు, ఎక్కడో కొనుక్కున్నవాటిని ఒంటికి సరిచేసి పెట్టడమే, పొడుగైతే కత్తిరించడం, బిగుతైతే వదులు చేయడం, జిప్పు ఊడితే జిప్పు, గుండీ పోతే గుండీ. ఆమె కొట్టు నేలకు కిందగా మెట్లు దిగి వెళ్లే గది, పైనున్న చిన్న కిటికీలోంచి పేవ్‌మెంటు మీద పోయేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి, మోకాళ్ల దాకా, ఎవరి ప్యాంటు అంచు తన చేతి కుట్టో గుర్తుపట్టి ఓహో మేనేజరుగారు ఇవాళ ఆలస్యం అనుకునేది, మంచి రోజుల్లో. చెడ్డ రోజుల్లో ఆ కాళ్లన్నీ ఒకేలా ఉండేవి, ఇన్ని కాళ్లు ఎక్కడికి పోతున్నాయి, ఎందుకు పోతున్నాయి, దీపం వేయడానికి చెయ్యి లేవక చీకట్లోనే మిషన్ ముందు కూర్చుని ఉండిపోయేది. మొన్న ఒకాయన ప్యాంటుకు ఒక కాలు పొట్టిగా కత్తిరించేసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు. ఆయన తొడుక్కుని అద్దంలో చూసుకుని, “ఏమ్మా, నేను కుంటుతున్నానా?” అని నవ్వాడు, మంచివాడు, ఆమెకు మాత్రం ఆ సాయంత్రమంతా ఒళ్లు బరువుగానే ఉంది. ఆ బరువు తనకు తెలుసు. కొన్నాళ్లుగా పొద్దున్నే కళ్లు తెరవగానే వచ్చి ఛాతీ మీద కూర్చుంటోంది, ఎవరికీ చెప్పలేదు. పిల్లకు వైద్యం జరుగుతుంటే మధ్యలో తన గొడవేమిటి.

ఆ పిల్లను అందరూ చేప అంటారు. తనే పెట్టుకున్న పేరు. గ్రంథాలయం పై అంతస్తులో, పాత పత్రికల కట్టలు పేర్చిన గదిలో, వారానికో సాయంత్రం పదిమందో పన్నెండుమందో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. అందరిదీ ఒకటే జబ్బు, డాక్టర్లు తీవ్రమైన కుంగుబాటు అని రాస్తారు, ఇంట్లోవాళ్లు బద్ధకమనో పొగరనో అంటారు. నడిపేది ఒక రిటైరైన అంబులెన్సు డ్రైవరు, ఆయనకూ అదే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊళ్లోవాళ్లందరినీ ఆసుపత్రికి చేరవేసి తను మాత్రం డాక్టరు గడప తొక్కలేదని తనమీద తనే జోకులేసుకుంటాడు. మొదటి రోజే రెండు కట్టుబాట్లు చెప్పాడు. పేరు చెప్పక్కర్లేదు, సలహా చెప్పకూడదు. పేరు సంగతి సరే, సలహా చెప్పకుండా మనిషన్నవాడు ఎలా కూర్చుంటాడు? ఒకాయన తనకు నిద్ర పట్టడం లేదనగానే పక్కావిడ “పడుకునే ముందు గోరు...” అని నాలుక కరుచుకుని ఆగిపోయింది. గోరువెచ్చని పాలు ఆవిడ గొంతులోనే ఉండిపోయాయి, గదంతా ఘొల్లుమంది, అక్కడ ఆమె విన్న మొదటి నవ్వు అదే. తలుపు దగ్గరి కుర్చీలో ఉన్న పిల్ల మాత్రం నవ్వలేదు. వెడల్పాటి భుజాలు, పొట్టి జుట్టు, ఈతకొలనులో చిన్నపిల్లలకు ఈత నేర్పే ఉద్యోగం, నెలల తరబడి నీళ్లలో దిగలేదు. “చేప అనండి,” అంది. తన వంతు రాగానే ఆమె ఒళ్లోని చేతుల వంక చూసుకుని “కత్తెర” అంది. డ్రైవరు ఇద్దరిద్దరిని జతలు కడుతూ, చేపకూ కత్తెరకూ ముడిపెట్టి, ఇదేదో వంటింటి వ్యవహారంలా ఉందన్నాడు. అప్పుడు ఆ పిల్ల పెదవి కొంచెం వంకరపోయింది. నవ్వు కాదు, నవ్వు ఉండే చోటు ఇదీ అని చూపించినట్టు.

జత అంటే పెద్ద పనేమీ కాదు. పొద్దున్నే ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి లేచారా అని అడగాలి, అంతే. లేవకపోతే ఎందుకు లేవలేదని అడగకూడదు. ఫోన్ పెట్టేయకుండా ఉండాలి. అలా ఎన్ని పొద్దుటిపూటలు, ఆమె వంటింట్లో నిలబడి, చెవిలో ఆ పిల్ల ఊపిరి, ఆ పిల్ల గదిలో ఎవరో తలుపు వేసిన చప్పుడు, వాన చప్పుడు అటూ ఇటూ రెండుసార్లు వినిపించేది, ముందు తన కిటికీ మీద, తర్వాత ఫోన్లో. “ఎవరితో మాట్లాడుతున్నావ్?” అని వాళ్లాయన తువ్వాలు భుజాన వేసుకుని అడిగేవాడు. ఏమీ మాట్లాడటం లేదండీ అంటే అర్థమవుతుందా. ఆయన మంచివాడే, ఎవరినడిగినా మంచివాడే అంటారు, ఆమెకు బాగా లేనప్పుడు నీకేం తక్కువని అడుగుతాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడుగుతాడు, ఆమె ఇల్లంతా చూసి తక్కువైంది ఏదీ కనబడక తలొంచుకుంటుంది. మొదట్లో ఆ పిల్ల మీరు మీరు అనేది. ఒకరోజు ఆమె కట్టుబాటు మరిచి, కాస్త కిటికీ అయినా తెరువమ్మా గాలి వస్తుంది అనగానే అటునుంచి పిడుగులా, “నువ్వు నోర్మూసుకో పిన్నీ! నాకు నీతులు చెప్పకు!” అని కసిరింది. తర్వాత కిటికీ రెక్క కిర్రుమనడం వినిపించింది. ఆ రోజు ఆమె కొట్లో కాజాలు కుడుతూ తనలో తను నవ్వుకుంది, నువ్వు అంది, పిన్నీ అంది, తిట్టులో చుట్టరికం కలిపేసింది పిల్ల. ఆ తర్వాత మళ్లీ మీరు రాలేదు.

లోపల ఏదో యంత్రం సన్నగా కూసి ఆగింది. కొన్ని క్షణాలే అన్నారు. అయిపోయిందేమో. నోట్లో రబ్బరు ముక్క పెడతారట, ఒళ్లు ఎగిరిపడకుండా మందిస్తారట, సినిమాల్లో చూపించినట్టు ఏమీ ఉండదని డాక్టరు ఆ పిల్ల అన్నకు బొమ్మ గీసి మరీ చెప్పాడు. మాత్రలు మార్చి మార్చి చూశారు, ఏవీ పట్టలేదు, పిల్ల తిండి మానేసింది, బతిమాలితే రెండు ముద్దలు, ఆ భుజాలు చొక్కాలోంచి హ్యాంగరులా తేలాయి. ఇక ఇదొక్కటే బాగా పనిచేస్తుందన్నారు. వేరే ఊళ్లో ఉన్న తల్లి ఫోన్లో ఏడ్చింది, కరెంటు పెట్టించుకున్న పిల్లని బయట తెలిస్తే ఎలా అని. అన్న సరేనన్నాడు. ఆ సాయంత్రం కొలను గట్టు మీద, పిల్లలందరూ వెళ్లిపోయాక, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఆ పిల్ల ఆమెను అడిగింది, “చేయించుకోనా పిన్నీ? ఈ మధ్య జరిగినవి కొన్ని మరిచిపోతానంటున్నారు.” ఈ మధ్య జరిగినవి. ఆమె లెక్కేసుకుంది, వద్దనుకున్నా వేసుకుంది, తను ఆ పిల్లకు తెలిసింది వానలు మొదలయ్యాక, ఇప్పుడు చలి, తను మొత్తంగా ఈ మధ్యలోనే ఉంది, అంచు దాటి ఒక్క పోగు కూడా అవతలికి లేదు. వద్దని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. సలహా చెప్పకూడదన్న కట్టుబాటు ఆ ఒక్కసారి ఆమెను కాపాడింది. “నీ ఇష్టం,” అంది, “రమ్మంటే నేను వెంట వస్తా.”

మొదటి మూడుసార్లూ అన్నే తీసుకొచ్చాడు. మూడోసారి తర్వాత ఆమెకు ఫోన్ చేసి, “ఆంటీ, అది కొంచెం తింటోంది, నిన్న తనే లేచి స్నానం చేసింది,” అన్నాడు. గొంతులో ఉత్సాహం, వెంటనే గొంతు తగ్గించి, “కానీ ఈసారి మిమ్మల్ని గుర్తుపట్టకపోతే బాధపడకండి, పోయిన నెలలో కొన్న కుర్చీని చూసి ఇదెక్కడిది అంది,” అన్నాడు. తనకు ఇవాళ సెలవు దొరకలేదు, కాస్త వెళ్తారా అన్నాడు. వెళ్తాననే అంది. నిన్న పొద్దున ఫోన్ చేస్తే, “ఎవరూ?” అన్న తర్వాత ఒక ఖాళీ. మిషన్ మీద నడుస్తున్న కుట్టు ఒకచోట తప్పినట్టు. ఆ తర్వాత, “ఓ, పిన్నీ.” ఆ ఖాళీ ఎంతసేపున్నదో ఆమెకే తెలియదు, రాత్రి ఆయన ఏదో అడుగుతుంటే ఊఁ కొడుతూనే ఆ ఖాళీలోకి తొంగి చూస్తూ ఉండిపోయింది. ఇవాళ పొద్దున లోపలికి పోయేముందు మాత్రం పిల్ల ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టి, “నువ్వు వెళ్లిపోవుగా?” అంది. “ఎక్కడికి పోతానే,” అంది. అది ఆఖరి నువ్వేమో. అనుకోకూడదు. అనుకుంది.

గుర్తులన్నీ పోయినా పోనీ, ఒక్కటుంది. ఆ కొలను గట్టు మీదే ఇంకో సాయంత్రం, తనెవరికీ చెప్పని సంగతి ఆ పిల్లకు చెప్పింది. డాక్టరుకు సగమే చెప్పింది, ఇంట్లో ఆయనకు అసలు చెప్పలేదు. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఇక చాలనుకున్న రోజు. కొట్లో మిగిలిన బట్టలన్నీ కుట్టేసింది, ఇస్త్రీ చేసింది, చీటీలు తగిలించింది, వచ్చి పట్టుకెళ్లండని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది, తన దగ్గర ఎవరి బట్టా ఉండిపోకూడదు, ఎవరూ ఇబ్బంది పడకూడదు. ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో ఆ రోజు. భోజనానికి వచ్చిన ఆయన బట్టలు తగిలించే కొయ్యలు ఖాళీగా ఉండటం చూసి, “అబ్బో, ఇవాళ దంచేశావే,” అని మెచ్చుకుని మళ్లీ పనికి వెళ్లాడు. తలుపు వేయబోతుంటే ఒక ముసలావిడ కోటు పట్టుకుని దిగింది, నువ్వు కుట్టిన గుండీ మిగతావాటితో కలవలేదు, ఇప్పుడే మార్చు, మార్చేదాకా కదలను అని కుర్చీలో కూలబడింది. మార్చింది. ఆవిడ ఇదీ కలవలేదంది. మళ్లీ మార్చింది. డబ్బాలో గుండీలన్నీ బల్ల మీద పోసి ఇద్దరూ వెతికారు, సందెపడింది, ఆయన వచ్చేశాడు. అంతే. ఏ దేవుడూ దిగిరాలేదు, ఎవరి ప్రేమా అడ్డుపడలేదు, ఒక సణుగుడు ముసలావిడ. అదంతా చెప్పి, పిల్ల భయపడుతుందేమోనని తల ఎత్తకుండా కూర్చుంటే, పిల్ల “కోటు ఏ రంగు?” అంది. “ఆవపువ్వు రంగు.” “ఛీ!” అంది పిల్ల. ఇద్దరికీ నవ్వు ఆగలేదు, కాపలావాడు వచ్చి గేటు వేయాలమ్మా అనేదాకా. ఆ మధ్యాహ్నాన్ని తనొక్కతే మోయకుండా ఇంకో మనిషి ఒక కొస పట్టుకుని ఉంది, ఇన్నాళ్లూ. ఇప్పుడు ఆ తలుపు వెనక మత్తులో ఆ చెయ్యి వదిలేసిందేమో.

వదిలేస్తేనే మంచిదేమో. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియదు, తెర అంచు వంక చూస్తుంటే వచ్చింది. చెప్పినరోజు నుంచి ఒక్క పూటైనా సిగ్గుపడకుండా ఉన్నదా తను? పాతికేళ్ల పిల్లకు అలాంటిది చెప్పడమేమిటి, పెద్దదానివి. పిల్ల మరిచిపోతే ఆ మధ్యాహ్నం ఎక్కడా జరగనట్టే, తనది తనకే ఉంటుంది, ఎవరి కళ్లలోనూ అది కనబడదు. పిల్ల కోలుకుంటుంది, మళ్లీ నీళ్లలో దిగుతుంది, ఆ గదికి ఇక రాదు, రాకపోవడమే కదా కావలసింది, తలుపు దగ్గరి కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. తను కాళ్లు చూసుకుంటూ కొట్లో ఉంటుంది. తేలిగ్గా అనిపించింది. ఎంత తేలిగ్గా అనిపించిందంటే ఆమె ఉలిక్కిపడింది. ఈ తేలిక తనకు తెలుసు, ఆ రోజు ఖాళీ కొయ్యలు చూసినప్పుడు ఒంట్లో ఉన్నది ఇదే. చెప్పుల జతను గట్టిగా ఒడిలోకి లాక్కుంది, దుమ్ము చీరకంటినా చూసుకోలేదు.

“పిన్నిగారూ, రండి,” అని నర్సు పిలిచింది. మంచానికి అడ్డంగా ఇనుప కడ్డీ, కణతల దగ్గర జుట్టుకు అంటిన జిగురు, మొహం నిద్రలోంచి లేచిన చంటిపిల్ల మొహంలా ఉబ్బి. ఎక్కడున్నావో తెలుసా అని నర్సు అడిగితే ఆసుపత్రి అంది. ఏ కాలం అంటే కిటికీ వంక చూసి, “వానలు తగ్గాయా?” అంది. “మరి ఈవిడెవరు?” పిల్ల ఆమె వంక చూసింది. శ్రద్ధగానే చూసింది, బస్సులో లేచి చోటిచ్చిన మనిషిని చూసినట్టు మర్యాదగా, కృతజ్ఞతగా, చిన్న నవ్వుతో. “నమస్తే అండీ. మిమ్మల్ని అన్నయ్య పంపించాడా?”

“అవునమ్మా,” అంది ఆమె. ప్రాణం చివుక్కుమన్న చప్పుడు బయటికి వినబడదు కదా. ఒంగి చెప్పులు తొడగబోతే, “అయ్యో, మీరెందుకండీ, నేను వేసుకుంటాను,” అని పిల్ల కాళ్లు వెనక్కి తీసుకుంది. బయటికొచ్చేటప్పుడు నర్సు ఆమెను పక్కకు పిలిచి, సాయంత్రానికి చాలావరకు తిరిగొస్తాయని, ఒక్కోసారి కొన్ని రావని, గుర్తుందా గుర్తుందా అని అడిగి అలసట పెట్టొద్దని చెప్పింది. పిన్ని అన్నారు కదా అని అడగలేదు.

ఆసుపత్రి ముందు అరుగు మీద ఎండ పడుతోంది. కారు రావడానికి కాస్త టైము పడుతుందని కారతను ఫోన్లో చెప్పాడు. అన్న సంచిలో పెట్టి పంపిన బిస్కెట్ల పొట్లం విప్పి ఇస్తే పిల్ల ఒకటి తిన్నది, ఇంకొకటి, ఇంకొకటి, పొడి ఒళ్లో రాలుతున్నా చూసుకోలేదు. “ఇంకేమైనా ఉందా అండీ? కడుపు కాలిపోతోంది.” ఆ మాట వినడానికి ఆమె నెలల తరబడి కాచుకుంది. ఫోన్లో ఒక్క ముద్ద తిను, తిన్నట్టు చప్పుడైనా చెయ్యి అని బతిమాలింది, ఇవాళ పిల్లే అడిగింది, ఆకలి అంది, నమలడంలో దవడ ఎంత బలంగా కదులుతోందో. కళ్లు చెమర్చాయి. సంతోషమే. అది సంతోషమేనని నూటికి నూరుపాళ్లు తెలుసు, అయినా ఆ అరుగు మీద అంత ఎండలో తనంత ఒంటరి ఇంకెవరూ లేరనిపించింది.

“మీకు శ్రమ ఇచ్చాం. పని మానుకుని వచ్చుంటారు. అన్నయ్య ఆఫీసులోనే చేస్తారా మీరు?”

ఆఁ అంటే చాలు. ఒక్క అక్షరం. పిల్ల తల ఊపి బిస్కెట్ తింటుంది, కారు వస్తుంది, దింపేసి తను కొట్టుకు పోతుంది. ఆ అక్షరం నోట్లో గుండ్రంగా తయారైంది కూడా. తయారైనదాన్ని మింగడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

“లేదమ్మా. మీ అన్నయ్యను నేను రెండుసార్లే చూశాను. నాకు తెలిసింది నువ్వు. నీకున్న జబ్బే నాకూ ఉంది, అలా కలిశాం మనం. నీకిప్పుడు గుర్తులేదు. అది నీ తప్పు కాదు.”

పిల్ల నమలడం ఆపింది. గుర్తొచ్చినట్టు నటించలేదు, అందుకు ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఆ మొహంలో తన కోసం వెతుకులాట కనిపించింది, ఇల్లంతా దీపాలు వేసుకుంటూ గది గదీ చూసినట్టు. ఏ గదిలోనూ ఎవరూ లేరు. “నాకేమీ రావడం లేదండీ,” అంది చివరికి, బెరుగ్గా. “రాకపోయినా ఫరవాలేదు,” అంది ఆమె, ఫరవాలేదన్నట్టే పలికింది. పిల్ల చేతిలోని సగం బిస్కెట్‌ను చూసి తలెత్తి, “మరి మీకిప్పుడు ఎలా ఉంది?” అంది.

పొద్దున్నుంచి అన్న అడిగాడు, గుంపు నడిపే డ్రైవరు అడిగాడు, ఇంట్లో ఆయన కూడా గడప దగ్గర నిలబడి అడిగాడు, ఆ పిల్లకెలా ఉందట అని. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. బాగానే ఉన్నాను అనే మాట కొట్లో గుండీల డబ్బాలా ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుంది. చెయ్యి అటు వెళ్లింది, ఆగింది.

“బాలేదమ్మా,” అంది. “కొన్నాళ్లుగా మళ్లీ బాలేదు. ఎవరికీ చెప్పలేదు.”

పిల్ల అయ్యో అనలేదు. అదే తగ్గిపోతుందిలెండి అనలేదు. కట్టుబాటు గుర్తుండి కాదు, అదీ పోయే ఉంటుంది, మనిషే అలాంటిది. కారు వచ్చి మెట్ల దగ్గర ఆగి హారన్ కొట్టింది. ఆమె అలవాటుగా సంచి అందుకుని లేవబోతే, పిల్ల ఆ సంచిని పట్టుకుని తన పక్కకు జరిపి, కారతనికి వినబడేలా, “కాసేపు ఆగండి, వస్తాం!” అని కేకేసింది, కొలను గట్టు మీద పిల్లల్ని పిలిచే గొంతుతో. తర్వాత ఒళ్లో పొడి దులుపుకుని ఇటు తిరిగింది.

“చెప్పండి,” అంది.

ఆ అండి ఎంత పరాయిగా ఉందో. వచ్చే వారం మళ్లీ ఈ తలుపు లోపలికే పోవాలి, ఇవాళ చెప్పింది కూడా అప్పటికి ఉంటుందో ఉండదో. ఆమె చిటికెన వేలికున్న ఉంగరం తీసి ముందు ఆ పిల్ల అరచేతిలో పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.